కొర్రీలాయన రాజీనామా

ఉద్యోగం దొరకడం కష్టమని లోకంలో ఒక అపోహ ఉంది. దీన్ని ప్రచారం చేసేవారంతా నిరుద్యోగులే కాబట్టి వారి మాట అంతగా పట్టించుకోనక్కరలేదు. ఉద్యోగం దొరకడానికి ఒక పరీక్ష, ఒక ఇంటర్వ్యూ, పైన ఎక్కడో తెలిసిన మేనమామ ఒకాయన ఉంటే సరిపోతుంది. వదలడానికి మాత్రం తొమ్మిది విభాగాల సమ్మతి, నాలుగు రంగుల ఫారాలు, పదిహేడు సంతకాలు కావాలి. వాటన్నిటికీ మించి, అవన్నీ పూర్తయ్యేదాకా బతికి ఉండాలన్న పట్టుదల కావాలి.

ఈ విషయంలో మన కథ జరిగిన కార్యాలయం తక్కినవాటికి ఆదర్శం. వేరే కార్యాలయాల నుంచి వచ్చిన కాగితాలు సరిగ్గా వచ్చాయో లేదో చూసి, ఇంకొన్ని కార్యాలయాలకు పంపడం దాని పని. (ఆ కాగితాల్లో ఏముందో చదవడం వేరే విభాగం పని. ఆ విభాగాన్ని ఇంకా ఏర్పాటు చేయలేదు.) నాలుగంతస్తుల భవనం. లిఫ్టు ఉంది, అది ఎక్కడానికి కావలసిన అనుమతి పత్రం నాలుగో అంతస్తులో ఇస్తారు.

మూడో అంతస్తులో కిటికీ పక్కనున్నది రాజీనామాల సీటు. అందులో పద్దెనిమిదేళ్ళుగా ఒకాయనే కూర్చుంటున్నాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది గానీ, భవనంలో అందరూ ఆయన్ను కొర్రీలాయన అంటారు. కొర్రీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వారి కోసం చెబుతున్నాను: మీరిచ్చిన కాగితం మీద ‘ఇది లేదు, అది చాలదు, ఇంకొకటి ఎందుకుంది’ అని రాసి మీకే తిప్పి పంపుతారు చూడండి, ఆ రాతనే కొర్రీ అంటారు. కొర్రీలు అందరూ వేస్తారు. ఆయన వేసినట్టు మాత్రం ఎవరూ వేయలేరు.

ఒకసారి ఒక టైపిస్టు ‘వ్యక్తిగత కారణాల వల్ల’ మానేస్తున్నానని రాసింది. కారణం ఒకటా, రెండా అని ఆయన అడిగాడు. రెండని జవాబిచ్చింది. అయితే ఏ కారణం వల్ల ఎంత భాగం మానేస్తున్నారో విడివిడిగా దరఖాస్తు చేయవలెనని రాశాడు. ఇంకొకాయన ‘నా ఆరోగ్యం బాగాలేదు’ అంటే, ఇంతకుముందు బాగుండేదనడానికి రుజువు జతచేయమన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ సీటుకు రెండువందల పద్నాలుగు రాజీనామాలు వస్తే మూడే మంజూరయ్యాయి. ఆ ముగ్గురిలో ఇద్దరు అప్పటికే రిటైరై ఉన్నారు. మూడో ఆయన జవాబులు రాసీ రాసీ ఆఫీసు భాషలో ఆరితేరిపోయి, మంజూరు రోజునే రాజీనామా వెనక్కి తీసుకుని ప్రమోషన్ కొట్టాడు.

ఇందులో కోపం, కక్ష ఏమీ లేవు. కొర్రీలాయన చీమకు కూడా హాని తలపెట్టే మనిషి కాడు. కాగితంలో చిన్న లోటు కనబడితే చాలు, ఆయనకు చేయి దురద పెట్టేది, అంతే. తన అనుభవాన్నంతా ‘నూట పదకొండు కొర్రీలు’ అని నీలం అట్ట పుస్తకంగా రాసి పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ దాంతోనే. ‘కొర్రీ వేసేవాడికి కోపం ఉండకూడదు, వేయించుకున్నవాడికి రావాలి’ అన్నది అందులో మొదటి వాక్యం.

అలాంటి మనిషికి మూడేళ్ళ కిందట సాన మీద ప్రేమ పుట్టింది.

భార్య కత్తిపీట, రెండు చాకులు మొద్దుబారిపోయాయని ఆయన్ను బజారుకు పంపింది. ఆవిడ బడిలో టీచరు. ఇంట్లో ఆయన వేసే కొర్రీలకు అక్కడికక్కడే సున్నా మార్కులు వేయగల ఏకైక వ్యక్తి. బజారు చివర, దర్జీ కొట్టుకూ గొడుగులు బాగుచేసే అతనికీ మధ్య, కాలితో తొక్కే సాన చక్రం ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కత్తి రాయికి తగలగానే నిప్పురవ్వలు లేచాయి. కొర్రీలాయన చూస్తూ నిలబడిపోయాడు. తన వస్తువులు అయిపోయాక వెనకవాళ్ళవి చూశాడు, ఆ తర్వాతివాళ్ళవీ చూశాడు. చివరికి, “పెద్దాయనా, ఒక్కసారి నన్ను తొక్కనిస్తారా?” అని అడిగాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కూర వండే వేళ దాటిపోయింది.

ఆ తర్వాత రోజూ ఆఫీసు కాగానే ఆయన అక్కడే ఉండేవాడు. మొదట తొక్కడం నేర్చుకున్నాడు, తర్వాత పట్టడం. దర్జీ కత్తెరకు ఒక వాలు, మంగలి కత్తికి ఒక వాలు అని తెలుసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు అందులో నచ్చింది నిప్పురవ్వలు కాదు. పని అయిపోవడం నచ్చింది. కత్తి పదునెక్కితే ఎక్కినట్టే. దాన్ని ఎవరూ పై అంతస్తుకు పంపరు, దాని మీద ఎవరూ ‘చర్చించండి’ అని రాయరు. తెచ్చినావిడ బొటనవేలితో తడిమి చూసుకుని సంతోషంగా పట్టుకుపోతుంది. తన చేతి మీదుగా వెళ్ళినది ఏదైనా ఒకటి తిరిగి రాకుండా ఉండటం ఆయన జీవితంలో అదే మొదలు, ఆ సంగతి తలచుకుంటే ఒక్కోసారి ఆయనకు కళ్ళు చెమర్చేవి.

మూడేళ్ళు గడిచాక పెద్దాయన మోకాళ్ళు మొరాయించాయి. కూతురు వచ్చి తన దగ్గరికి తీసుకుపోతానంది. పెద్దాయన కొర్రీలాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చక్రం, రాళ్ళు, చోటు అన్నీ నీకే ఇచ్చి వెళతానన్నాడు.

“నువ్వు పట్టిన కత్తికీ నేను పట్టిన కత్తికీ ఇప్పుడు తేడా నాకే తెలియడం లేదు నాయనా. యాభై రోజులు టైముంది. ఆ ఉద్యోగమేదో వదిలేసి వచ్చి కూర్చో.”

అయితే బజారుకూ ఒక సంఘం ఉంది, సంఘానికీ నియమాలున్నాయి. (సంఘం పెట్టిన పదకొండుమందిలో తొమ్మిదిమంది రిటైరైన గుమాస్తాలు.) చోటు చేతి నుంచి చేతికే మారాలి. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ సంఘం గదిలో ఎదురెదురుగా నిలబడాలి. పుచ్చుకునేవాడికి వేరే ఉద్యోగం లేదని రుజువుగా విడుదల ఉత్తర్వు చూపించాలి. ఇలాంటి పనులు శుక్రవారాలే చేస్తారు, సరిగ్గా ఆరింటికి గది మూస్తారు. పెద్దాయనను కూతురు తీసుకుపోయేది యాభయ్యో రోజు, శుక్రవారం. అది దాటితే చోటు ఫోన్ల కవర్లమ్మే అతనికి, చక్రం పాత ఇనుము కొట్టుకు.

ఆ సాయంత్రం ఆయన భార్యకు చెప్పాడు. ఉన్న ఉద్యోగం మానేసి బజారులో కూర్చుంటానంటే ఏమంటుందోనని ముందుగానే ఆరు అభ్యంతరాలకు ఆరు జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ ఒక్కటీ అడగలేదు.

“సాన దగ్గర నుంచి వచ్చిన రోజు మీరు తిండికి వంక పెట్టరు,” అంది ఆవిడ నోటుపుస్తకాలు దిద్దుకుంటూనే. “నాకు అది చాలు. రేపే రాసివ్వండి.”

చెప్పకుండా మానేస్తే సరిపోదా అని కొందరు పాఠకులకు అనుమానం రావచ్చు. ఆ దారి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట డెస్పాచ్ క్లర్కు ఒకాయన ఆ దారినే వెళ్ళాడు. రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా ఇవాళ్టికీ ‘టీకి వెళ్ళారు’ అనే ఉంటుంది. ఆయన వేరే చోట టీ హోటలు పెట్టుకున్నాడు (కాబట్టి ఆ రాత పూర్తిగా అబద్ధమూ కాదు). కానీ ఏ లైసెన్సుకు వెళ్ళినా ఆయన ఈ ఆఫీసు ఉద్యోగి అనే తేలుతుంది. హోటలు వాళ్ళ బామ్మగారి పేరు మీద నడుస్తోంది.

కాబట్టి కొర్రీలాయన పద్ధతి ప్రకారం రాజీనామా రాశాడు. తనకు తెలిసిన నూట పదకొండు కొర్రీల్లో ఒక్కటీ పడకుండా నాలుగు రోజులు కూర్చుని రాశాడు. సూపరింటెండెంటుకు ఇచ్చాడు. ఈ సూపరింటెండెంటు తన దగ్గరకు వచ్చిన ప్రతి కాగితం మీద ‘చర్చించండి’ అని రాస్తాడు. ఎవరైనా చర్చించడానికి వెళితే ఉలిక్కిపడతాడు. అలవాటు ప్రకారం దీని మీదా ‘చర్చించండి’ అని రాసి, రాజీనామాలు చూసే సీటుకు పంపించాడు. మధ్యాహ్నానికల్లా ఆ కాగితం కొర్రీలాయన బల్ల మీదకే వచ్చింది.

ఆయన దాన్ని చూసి, ఇది తాను చూడకూడదని వెంటనే నోటు రాశాడు. సొంత రాజీనామాను సొంతదారు పరిశీలించరాదన్న నియమాన్ని పదకొండేళ్ళ కిందట పెట్టించింది ఆయనే. దాంతో ఆ ఫైలు ఒక్కదాని కోసం, అది తేలేవరకు, సీటును కొత్తమ్మాయికి అప్పగించారు. కొత్తమ్మాయి చేరి ఆరేళ్ళయింది. అయినా తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి ఆవిడే ఇంకా కొత్త. ఆయన దగ్గర పని నేర్చుకుంది, ఆయన్ను గురువుగారూ అని పిలుస్తుంది. ఆయన కుర్చీలో ఆవిడ కూర్చుంది. ఆయన ఎదురుగా, దరఖాస్తుదారులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి అన్న సంగతి పద్దెనిమిదేళ్ళలో ఆయనకు మొదటిసారి తెలిసింది.

మూడో రోజున కొర్రీ వచ్చింది. ‘దరఖాస్తులో ఒక్క లోటూ కనబడలేదు. ఇంత నిర్దోషంగా ఉన్న దరఖాస్తును ఇతరుల సాయం లేకుండా రాసినట్టు రుజువేమిటి?’ ఇది నీలం పుస్తకంలో లేదు. కొర్రీలాయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆ సాయంత్రం భార్యతో, తనకు నలభై రోజులే మిగిలాయన్న సంగతి చెప్పడం మరిచిపోయి, పిల్ల ఎంత ఎదిగిపోయిందో అదే చెప్పాడు.

తర్వాత వరసగా పుస్తకంలోవి వచ్చాయి. పదిహేడోది వచ్చింది, ఇరవై తొమ్మిదోది వచ్చింది. అన్నిటికన్నా చిక్కు కారణం దగ్గర వచ్చింది. ఫారంలో మానేయడానికి ఒప్పుకునే కారణాలు అయిదే ఉన్నాయి: జబ్బు, పెళ్ళి, మతిభ్రమణం, మరణం, ఇష్టం. ఆయన ‘ఇష్టం’ దగ్గర టిక్కు పెట్టాడు. అలా పెట్టినవారు అభిరుచుల నిర్ధారణ సంఘం ముందు హాజరై, తమ ఇష్టం నిజమైనదేనని నిరూపించుకోవాలి. సంఘం ఏర్పడి పన్నెండేళ్ళయినా ఇంతవరకు ఒక్కసారీ సమావేశం కాలేదు. అందరూ మతిభ్రమణం దగ్గర టిక్కు పెట్టేవారు, అది తేలిక.

సంఘంలో ముగ్గురు. స్టోర్సు నుంచి వచ్చిన అధ్యక్షురాలు ఒకరు, భద్రతాధికారి ఒకరు, అభిరుచుల నిపుణుడు ఒకరు. నిపుణుడికి స్వయంగా ఏ అభిరుచీ లేదని వైద్యుల ధ్రువపత్రం ఉంది. నిష్పాక్షికత కోసం అది తప్పనిసరి. ముప్పయ్యో రోజున సమావేశం పెట్టారు. కొర్రీలాయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సంచిలో ఒక చాకు, చేతి సానరాయి పెట్టుకుని వెళ్ళాడు. భవనంలోకి కత్తులు తేకూడదని భద్రతాధికారి గుమ్మంలోనే సంచి తీసేసుకున్నాడు. తర్వాత లోపలికి వచ్చి సభ్యుడి కుర్చీలో కూర్చుని, ప్రదర్శన మొదలుపెట్టమన్నాడు.

కత్తి లేకుండా సాన ఎలా పట్టడమని కొర్రీలాయన అడిగాడు. కత్తి ఉంటే ఎవరైనా పడతారని, నిజమైన ఇష్టం ఉందో లేదో లేనప్పుడే తెలుస్తుందని నిపుణుడు చెప్పాడు.

చేసేదేముంది? ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. కుడికాలు గాలిలో తొక్కడం మొదలుపెట్టాడు. లేని చాకును లేని రాయి మీద వాలుగా ఆనించాడు. మొదట సిగ్గుపడ్డాడు గానీ కాసేపటికి ఎదురుగా ముగ్గురున్న సంగతి మరిచిపోయాడు. అటు పట్టాడు, ఇటు తిప్పి పట్టాడు, నీళ్ళు చిలకరించాడు, బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు. అధ్యక్షురాలు తనకు తెలియకుండానే కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“పదునెక్కిందా?” అన్నాడు నిపుణుడు.

“లేదండి,” అన్నాడు కొర్రీలాయన. “మొన దగ్గర ఇంకో రెండు పట్లు పడాలి.”

ఆ ఒక్క మాటతో కేసు తేలిపోయింది. ‘లేని కత్తి విషయంలో కూడా దరఖాస్తుదారు రాజీపడలేదు’ అని నిపుణుడు రాసుకున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే: ఉద్యోగంలో ఉండగా వేరే పనిని ప్రేమించడం నేరమా, కాదా? ఆఫీసు వేళల తర్వాత ప్రేమిస్తే తప్పులేదని, ఆఫీసు వేళల్లో దాని గురించి ఆలోచించి ఉంటే మాత్రం ఆ సమయాన్ని సెలవుగా సర్దాలని తీర్మానించారు. రోజుకు ఎంతసేపు ఆలోచించేవారని అడిగితే ఆయన నిజాయితీగా చెప్పాడు. మూడేళ్ళకు నలభై ఒక్క రోజులు తేలింది. మధ్యాహ్న భోజన విరామంలో చేసిన ఆలోచనను అందులోంచి మినహాయించలేదని ఆయనే గుర్తుచేసి, ముప్పయ్యారుకు దింపించాడు. సభ్యులు ఆయన్ను మెచ్చుకున్నారు.

ఇంతలో ఇంకొక సంగతి జరిగింది. ఒక సాయంత్రం కొత్తమ్మాయి తన కుట్టు కత్తెర పట్టుకుని బజారుకు వెళ్ళింది. చక్రం దగ్గర గురువుగారు కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, నుదుటి మీద రాతిపొడితో, పక్కనున్న పెద్దాయన ఏదో అంటే పకపకా నవ్వుతున్నాడు. ఆరేళ్ళలో ఆవిడ ఆయన పళ్ళు చూడటం అదే మొదటిసారి. కత్తెర ఇవ్వకుండానే వెనక్కి వచ్చేసింది. మర్నాటి నుంచి ఫైలుకు రెక్కలొచ్చాయి. ఒక్కో విభాగానికీ తానే పట్టుకుపోయింది, సంతకాలకు బల్లల పక్కన నిలబడింది. పుస్తకంలో ఇంకా అరవై చిల్లర కొర్రీలు మిగిలి ఉండగా ఒక్కటీ వేయలేదు.

కొర్రీలాయన అది కనిపెట్టాడు. సంతోషించాడు, అందులో అబద్ధమేమీ లేదు, రాత్రిళ్ళు నిద్ర పట్టనంతగా సంతోషించాడు. కానీ ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఆవిడ దగ్గరికి వెళ్ళి, నలభై రెండోది ఎందుకు వేయలేదని మెల్లగా అడిగాడు. అవసరం లేదనిపించిందని ఆవిడ అంది. అవసరం చూసి వేస్తే దాన్ని కొర్రీ అనరని ఆయన అన్నాడు. ఆవిడ తల వంచుకుని ఫైలు కట్టేసుకుంది.

యాభయ్యో రోజు శుక్రవారం వచ్చింది. పొద్దున్నే భార్య బడికి సెలవు పెట్టింది. ఆయన ఆఫీసు నుంచి నేరుగా బజారు సంఘం గదికి వచ్చేట్టు, ఆవిడ ముందే వెళ్ళి పెద్దాయనతో కూర్చునేట్టు అనుకున్నారు. ఆఫీసుకూ బజారుకూ నడక పది నిమిషాలు. సాయంత్రం అయిదింటికి పదిహేడో సంతకం పడింది. అయిదుంపావుకు కొత్తమ్మాయి నాలుగో అంతస్తు నుంచి మెట్లన్నీ పరుగున దిగి వచ్చి విడుదల ఉత్తర్వు ఆయన ముందు పెట్టింది. కింద ‘పై ఉత్తర్వును సరిచూసుకుని అంగీకరించడమైనది’ అన్న వాక్యం, దాని కింద ఒక గీత. ఆయన ఆ గీత మీద సంతకం పెడితే చాలు, ఈ కథ ఇక్కడితో అయిపోతుంది.

ఆయన కలం మూత తీశాడు. చేతులు వణుకుతున్నాయి. సంతకం పెట్టబోతూ ఒక్కసారి పైకి చూశాడు. ‘జతపరచిన పుటలు: 63’ అని ఉంది. ఫైలు లావు చూశాడు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోదు; ఆయన వేళ్ళు వాటంతట అవే పుటలు తిప్పడం మొదలుపెట్టాయి.

“అరవై రెండే ఉన్నాయమ్మా,” అన్నాడు.

“ఖాళీ పేజీ ఏదో లెక్కలో కలిసి ఉంటుంది గురువుగారూ. పెట్టేయండి. అయిదున్నర అవుతోంది.”

“ఖాళీదని ఎవరు ధ్రువీకరించారు?”

“ఎవరూ చూడరండి దీన్ని. ఇక ఎవరూ చూడరు. మీరు చూడకుండా సంతకం పెడితే, అంతే, అయిపోయింది.”

ఆయనకు ఆ మాట నిజమేనని తెలుసు. తెలిసి కూడా ‘సరిచూసుకుని’ అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. సరిచూసుకున్నాడు. సరిగ్గా లేదు. లేనిదాన్ని ఉందని రాసి, ఆ అబద్ధం మీద జీవితంలో తాను కోరుకున్న ఒకే ఒక్క పనిలోకి ఎలా అడుగుపెట్టడం? (ఇది ఆ క్షణంలో ఆయన తనకు చెప్పుకున్న కారణం. అసలు కారణం, చేయి దురద.) ఇంతలో ఫోను మోగింది. పెద్దాయన సంఘం గది ముందు కూర్చున్నాడని, కూతురు బండి తెచ్చి నిలబడిందని, తలుపు మూసే మనిషి తాళం చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడని భార్య చెప్పింది.

“అయిదు నిమిషాలు,” అన్నాడాయన. “చిన్న లోటు ఉంది, రాసి పెట్టి వచ్చేస్తాను.”

అవతల ఆవిడ “మీ కాగితంలోనేనా?” అంది. ఆయన అవునన్నాడు.

కొత్తమ్మాయి తెల్లకాగితం ఒకటి తెచ్చి, అరవై మూడోది ఇదేనండి, కలిపేస్తాను అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా తీసుకుని, ఎడమవైపు మూడు వేళ్ళ మార్జిన్ మడిచి, దాని మీదే కొర్రీ రాయడం మొదలుపెట్టాడు. చేతుల వణుకు ఆగిపోయింది. ‘ఉత్తర్వులో పేర్కొన్న పుటలకూ వాస్తవంగా జతపరచిన పుటలకూ ఒకటి తేడా గమనించడమైనది. సదరు పుట ఉన్నచో ఎక్కడ ఉన్నది, లేనిచో ఎందుకు లెక్కించబడినది...’ వాక్యం ఎంత చక్కగా నడిచిందంటే, దానికి ఒక ఉపప్రశ్న కూడా తోచింది. ఆ ఉపప్రశ్న రాసేటప్పుడు నిజంగా ఆయనకు బజారు గుర్తులేదు, పెద్దాయన గుర్తులేడు. తలెత్తేసరికి ఆరు దాటి పన్నెండు నిమిషాలైంది. సీటు పక్కన ఎవరూ లేరు.

ఆయన పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో, ఆఫీసు నుంచి బజారు దాకా ఆగకుండా పరుగెత్తాడు. సంఘం గదికి తాళం వేసి ఉంది. బండి వెళ్ళిపోయింది. దర్జీ కొట్టుకూ గొడుగులతనికీ మధ్య చక్రం ఉండే చోట నేల మీద నాలుగు గుంటలు ఉన్నాయి. భార్య అక్కడే నిలబడి ఉంది. ఆయన అడగకముందే ఆవిడ చెప్పింది.

“వెళ్ళేముందు పెద్దాయన అడిగాడు, ఆఫీసులో ఎవరైనా ఆపేశారా అమ్మా అని. అవునండీ, అక్కడ ఒకాయన ఉన్నాడు, చాలా కఠినమైన మనిషి, ఆయన ఆపేశాడు అని చెప్పాను.” ఆగి, “పాపం, ఆయన్ను బాగా తిట్టుకుంటూ వెళ్ళాడు,” అంది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. దారిలో ఆయన ఏడ్చాడు. ఆవిడ చూడనట్టు నడిచింది.

సోమవారం నాడు ఆయన వెళ్ళేసరికి సీటు ఖాళీగా ఉంది. ఉత్తర్వు వెలువడటంతో ఆ ఫైలు తేలిపోయినట్టే కాబట్టి కొత్తమ్మాయి తన పాత సీటుకు వెళ్ళిపోయింది. ఉత్తర్వును అంగీకరించలేదు కాబట్టి ఆయన ఇంకా ఉద్యోగే. తపాలులో వచ్చిన మొదటి కాగితం శుక్రవారం నాటి కొర్రీ. దాని మీద సూపరింటెండెంటు ‘చర్చించండి’ అని రాసి, రాజీనామాల సీటు జవాబివ్వవలెనని పంపాడు. ఆయన నియమాల పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా వెతికాడు. సొంత రాజీనామాను పరిశీలించరాదని ఉంది గానీ, సొంత కొర్రీకి జవాబు రాయరాదని ఎక్కడా లేదు.

మధ్యాహ్నం దాకా కూర్చుని వివరంగా జవాబు రాశాడు. భోజనం చేసి వచ్చి దాన్ని చదివాడు. సంతృప్తికరంగా లేదని తిప్పి పంపాడు.